సెకండు, సెకను

వనపర్తిలో 'సెకండు షో'కు బయలుదేరినవారే గడియారము చూచి 'ఇన్ని సెకనులు' అందురు. ఈ రెండును ఒక్క ఆంగ్లపదమే. మన నోట రెండు రూపములు దాల్చినది.

లాటిను భాషలో 'సెకుందుస్' అనగా వెంబడించునది. మొదటిదాని వెంట వచ్చునది గనుక రెండవది. ఈ మాట ఫ్రెంచి భాషనుండి రాకపూర్వము ఆంగ్లేయులు 'రెండవ' అనుటకు 'అదర్', అనగా ఇతరము, అనియే వాడిరి. 'ఇతర దినము' అన్నచో ఎంత చిక్కో చూడుడు!

ఇక కాలము మాట. మధ్యయుగపు పండితులు గంటను 60 భాగములు చేసి 'మొదటి సూక్ష్మభాగము' అనిరి. దానిని మరల 60 చేసి 'రెండవ సూక్ష్మభాగము' అనిరి. సూక్ష్మమునకు లాటినులో 'మినూతా' గనుక మొదటిది మినిటు అయ్యెను. రెండవదానికి 'రెండవ' అను విశేషణమే పేరుగా మిగిలెను.

ఆ లాటిను ధాతువునకు సంస్కృతమున తోబుట్టువు 'సచ' ధాతువు. కూడియుండుట దాని అర్థము. రాజును వెన్నంటి యుండువాడు సచివుడు. కావున హైదరాబాదు సచివాలయమునకును మన గడియారపు సెకనుకును చుట్టరికము కలదు.