తిరువయ్యారు ఉత్సవము - మన నెలవారీ కచేరీలు

మన పట్టణమున నెలకొక శాస్త్రీయ సంగీత కచేరీ జరిపింపవలెనని పెద్దలు కొందరు సంకల్పించి, అందులకు పాఠశాల మందిరము నడుగుచున్నారు. దీనివలన పిల్లలకు కలుగు ప్రయోజనమేమని తల్లిదండ్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. మా సమాధానము చెప్పుటకు ముందు, ఇట్టి ఉత్సవములలో మిక్కిలి ప్రసిద్ధమైన తిరువయ్యారు ఆరాధన ఎట్టి చిక్కులనుండి తేరుకొని నిలిచినదో వివరించెదము.

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించిరి. జీవితములో హెచ్చుభాగము తిరువయ్యారునందే గడిపి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, అచ్చటనే సిద్ధిపొందిరి. మేము ఉపాధ్యాయశిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమున ఆయనను తెలుగువాడని గర్వముతో చెప్పుకొందురు. అది నిజమే. కాని ఆయన ఇంట తెలుగు, వీధిలో తమిళము విని పెరిగినవారను సంగతి అక్కడివారికి అంతగా తట్టదు. మన పిల్లలకు మాత్రము అది వెంటనే బోధపడును. ఆయన శిష్యులలో తమిళులు కలరు. వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్రులు. తెలుగు మాతృభాష కానివారు ఆ తెలుగు కీర్తనలను కంఠస్థము చేసి, వ్రాసి, తమ శిష్యులకు నేర్పి మనదాక తెచ్చిరి.

స్వామి సమాధి చాలకాలము పట్టించుకొనువారు లేక శిథిలమైనది. 1903 ప్రాంతమున ఉమయాళ్పురం కృష్ణ భాగవతారు, సుందర భాగవతారు అను శిష్యసోదరులు తమ వార్ధక్యమున దానిని బాగుచేయించిరి. పిమ్మట కొలది సంవత్సరములకే విద్వాంసులు కూడి ఆరాధన ఆరంభించిరి. ఆరంభించిన కొద్దికాలమునకే రెండు పక్షములేర్పడినవి. ఒకటి పెరియ కట్చి, రెండవది చిన్న కట్చి. అనగా పెద్ద పక్షము, చిన్న పక్షము. ఒకే మహనీయునకు రెండు ఉత్సవములు, రెండు చందాలు! ఇరుపక్షములకును ఒక్క విషయమున మాత్రము భేదము లేదు: స్త్రీలు అచ్చట పాడరాదు.

మైసూరు సీమలో పుట్టి మదరాసున పేరుగాంచిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ స్వార్జితముతో పూనుకొని, 1921లో సమాధిచెంత ఆలయమునకు శంకుస్థాపన చేయించి, 1925లో ప్రతిష్ఠ జరిపించిరి. తాము కట్టించిన గుడిముందు తామే పాడరాని స్థితి! ఆమె 1927లో స్త్రీల పక్షముగా వేరొక ఆరాధన నడిపింప మొదలిడిరి. పక్షములు మూడైనవి. 1940 నాటికి గాని ఇవి ఒక్కటి కాలేదు. నేడు పంచరత్న కీర్తనలను పుష్య బహుళ పంచమినాడు స్త్రీపురుషులందరు కలిసి బృందముగా పాడుట ఆ సమైక్యము పిమ్మట స్థిరపడినదే. 1952లో కాలధర్మము చెందిన నాగరత్నమ్మగారి సమాధియు స్వామిసన్నిధికి చేరువనే కలదు.

మన చిన్న కచేరీలకు ఇంత చరిత్ర యెందులకందురేమో. ఊరు చిన్నదైనను పక్షములు చిన్నవిగా నుండవు. కావున మొదటి కచేరీకి ముందే నిర్ణయింపవలసినవి కొన్ని కలవు. ఒక ధనవంతుడు ఖర్చంతయు భరించెదనన్నను వలదనుటయే మంచిదని మా అభిప్రాయము. రెండవ ఏడు గాయకుని ఎన్నిక ఆయనదే యగును. నూరు కుటుంబములు నెలకు 100 రూపాయల చొప్పున ఇచ్చినచో 10,000 రూపాయలగును. మహావిద్వాంసులకు ఇది చాలదు. చుట్టుపట్ల పట్టణములలోని యువగాయకులకు, వారితో వచ్చు వయొలిన్, మృదంగ విద్వాంసులకు దారిఖర్చులు, భోజనము, ఏదో కొంత సంభావన ఈయవచ్చును. పక్కవాద్యముల వారి సంభావన ముందుగనే వారితోనే మాటాడుకొనవలెను. గాయకునిచేతికి మొత్తమిచ్చి పంచుకొండనుట మర్యాద కాదు. జమాఖర్చులు ప్రతినెల మందిరపు గోడకు అంటింపవలెను. చందా ఈయలేనివారికిని తలుపులు తెరచియుంచవలెను. మన భాష మాటాడని ఇరుగుపొరుగువారిని ప్రత్యేకించి పిలువవలెను.

వేదిక సంగతి పిల్లలు తెలిసికొనదగినది. గాయకుడు నడుమ, ఆయన ఎడమప్రక్క వయొలిన్, కుడిప్రక్క మృదంగము, వెనుక తంబురా ఉండుట వాడుక. ఇట్లు కూర్చుండుటవలన మృదంగపు కుడిమూత సభవైపునకు తిరిగి, దాని నాదము చక్కగా వినబడును. మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్ళెగారు ఎడమచేతివాటము వారగుటచే ఆయనకు స్థానము మార్చవలసివచ్చెడిది. అందులకు కొందరు వయొలిన్ విద్వాంసులు సమ్మతింపకపోయిరట! వర్ణముతో మొదలై, కృతులు సాగి, ప్రధానమైన కృతి పిమ్మట మృదంగమునకు తని యావర్తనము విడిచి, చిన్న పాటలతో మంగళమునకు వచ్చు నేటి కచేరీ పద్ధతిని తీర్చిదిద్దినవారు అరియకుడి రామానుజయ్యంగారు (1890-1967). తని మొదలగుటయే తడవుగా సభలో సగము లేచి కాఫీకి పోవుట పెద్దలకు అలవాటైనది. పిల్లలు కదలక కూర్చుండి తాళము వేయుచుండిరేని పెద్దలు సిగ్గుపడి కూర్చుందురు.

ఇక ప్రయోజనము మాట. తెలుగు చదివి యేమి చేయవలెనని మన పిల్లలు ఇంటను బయటను వినుచున్నారు. ఏ రాష్ట్రమున కర్ణాటక సంగీతసభ జరిగినను పాటలలో అధికభాగము తెలుగే. పాడువారిలో పలువురు ఆ మాటల అర్థమెరుగరు. పదమును విరువరానిచోట విరిచి, శ్వాస తీసికొందురు. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. అందుచేత తమిళమున అచ్చైన కీర్తనల పుస్తకములలో అక్షరముపై 1, 2, 3, 4 అంకెలు వేసి ఉచ్చారణ సూచింతురు. అంకె జారినచో మాటయే మారును. ఆ అంకెలు అక్కరలేకయే చదువగలవారు మన తరగతులలో కూర్చున్నారు.

కావున కచేరీకి వారము ముందు గాయకునినుండి పాటల పట్టిక తెప్పించి, ఉన్నత తరగతుల పిల్లలచేత ప్రతి కీర్తనకు రెండు మూడు పంక్తుల తాత్పర్యము తెలుగునను తమిళమునను వ్రాయించి, ద్వారముచెంత నల్లబల్లపై పెట్టింపదలచితిమి. పంచరత్నములలో నాటరాగ కీర్తన సంస్కృతము. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములందలివి తెలుగు. పుష్యమాసమున మన మందిరమున వీనిని బృందముగా పాడుటకు ఆశ్వయుజము నుండియే అభ్యాసము మొదలిడవలెను. ఆ దినములలో తెలుగు చదువనేరని ప్రతి గాయకుని ప్రక్కను మన విద్యార్థి యొకడు కూర్చుండి, మాట మాటయు పలికి చూపవలసియుండును. సమ్మతించు తల్లిదండ్రులు పిల్లల పేర్లను తరగతి ఉపాధ్యాయులకు ఈయగోరుచున్నాము.