ఇనుము – యాంటీబయాటిక్‌ల చీలేట్ బంధం: వ్యవసాయ విస్తరణలో దాని ప్రాముఖ్యం

సూక్ష్మపోషక లోపాల సవరణ చదివిన విద్యార్థులకు చీలేట్ అనే పదం సుపరిచితం. ఇ.డి.టి.ఎ. అణువు జింకును చుట్టి పట్టి ఉంచి, నేలలో అది కరగని రూపంలోకి మారకుండా కాపాడి, వేరుకు అందుబాటులో ఉంచుతుంది. ఇదే తరహా బంధం మనిషి జీర్ణకోశంలో ఏర్పడితే ఫలితం తలకిందులవుతుంది. టెట్రాసైక్లిన్ వర్గపు మందు ఇనుముతో కలిసి, పేగు గోడను సరిగా దాటలేని సంయోగంగా మారి, మలంతో బయటికి పోతుంది.

ఈ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ పుట్టుక కూడా నేలతో ముడిపడినదే. అమెరికాలోని శాన్‌బార్న్ వ్యవసాయ ప్రయోగక్షేత్రపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ దానిని వెలికితీయగా, 1948లో లోకానికి వెల్లడైంది. నాడు ఆ లెడర్లే ప్రయోగశాలల పరిశోధనా సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఫిన్లండ్ పరిశోధకులు 1970లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఫెర్రస్ సల్ఫేటుతో కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో టెట్రాసైక్లిన్ స్థాయి 40–50 శాతం, డాక్సీసైక్లిన్ స్థాయి 80–90 శాతం తగ్గింది. పైగా శోషణ చెందిన డాక్సీసైక్లిన్‌లో కొంత భాగం తిరిగి పేగులోకి చేరి అక్కడి ఇనుముకు చిక్కుతుంది. కనుక రెండు మందుల మధ్య కొన్ని గంటల వ్యవధి పాటించినా దీని విషయంలో పూర్తి రక్షణ లభించదు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను మాత్రం ఇనుముకు 2 గంటల ముందు గాని, 6 గంటల తరువాత గాని వాడవచ్చు. అమాక్సిసిలిన్‌కు ఈ ఇబ్బంది చెప్పుకోదగినంతగా లేదు.

వరి మడుల్లో పనిచేసేవారికి సోకే లెప్టోస్పైరోసిస్‌కూ, పొదలు, గడ్డి భూముల్లోని చిగ్గర్ల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కూ వైద్యులు వాడే ప్రధాన ఔషధాలలో డాక్సీసైక్లిన్ ఒకటి. అదే సమయంలో రక్తహీనత నివారణకు మహిళా కూలీలు ఇనుము మాత్రలు వాడుతూ ఉండవచ్చు. రెండు మాత్రలూ మంచివే అయినా, ఒకే పూట మింగితే జ్వరానికి తగిన మోతాదు అందదు. సకాలంలో సరైన చికిత్స అందకపోతే స్క్రబ్ టైఫస్ ప్రాణాంతకం కాగలదు.

కాబట్టి కృషి విజ్ఞాన కేంద్రాలు పోషకాహార శిక్షణలో ఇనుము మాత్రల ప్రయోజనంతోపాటు ఈ జాగ్రత్తనూ బోధించడం అవసరం. ఏ మాత్రనూ సొంత నిర్ణయంతో మానరాదు. జ్వరానికి మందు రాయించుకునేటప్పుడు ఇనుము మాత్రల సంగతి వైద్యునికి తెలిపి, చికిత్స ముగిసేవరకు వాటిని వాయిదా వేయాలా అని అడిగి తెలుసుకోవాలి.