ఇరుక్కుపోయిన స్విచ్చు

క్యాన్సర్ ఎక్కడో బయటినుంచి వచ్చి ఒంట్లో జొరబడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు చిట్టీ. అది మన కణమే. మన తిండి తిని, మన జన్యువులతోనే బతుకుతూ, ఆగాల్సిన చోట ఆగడం మరిచిపోయిన కణం. దాన్ని చంపడం కష్టమయ్యేదీ అందుకే. టైఫాయిడ్ క్రిమికీ మనకీ పోలికే లేదు కాబట్టి, మనల్ని ముట్టుకోకుండా దాన్ని చంపే మందు దొరుకుతుంది. క్యాన్సర్ కణానికీ పక్కనున్న మంచి కణానికీ తేడా ఎక్కడుందో మాత్రం వెతికి పట్టుకోవాలి. ఒక రక్తక్యాన్సర్‌లో ఆ తేడాని పట్టుకోవడానికీ, దానికి తగ్గ మందు చేతికి రావడానికీ 40 ఏళ్ళు పట్టింది. ఆ కథ విను.

ఆ జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. డాక్టర్లు సీఎంఎల్ అంటారు. ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు మామూలుగా 4 వేల నుంచి 11 వేల దాకా ఉండాలి. ఈ జబ్బులో లక్ష దాటిపోతాయి. ప్లీహం ఉబ్బి ఎడమ డొక్క బరువెక్కుతుంది. మూడు నాలుగేళ్ళు నెమ్మదిగా సాగి, ఒక్కసారిగా విజృంభించి మనిషిని తీసుకుపోయేది.

1950ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే ఆయన గాజుపలక మీద ఉన్న రక్తక్యాన్సర్ కణాల్ని కుళాయి నీళ్ళతో కడిగాడు. కణాలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బాయి. లోపల చిక్కుపడి ఉన్న క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. మనిషి కణంలో క్రోమోజోములు 46 అని తేలిందే 1956లో. అంతకుముందు 48 అనుకునేవారు. వాటిని చూసి పోల్చుకోవడం తెలిసినవాళ్ళు అప్పట్లో వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. అదే ఊళ్ళో ఉన్న డేవిడ్ హంగర్‌ఫోర్డ్‌కి ఆ విద్య తెలుసు. ఇద్దరూ కలిసి చూస్తే, సీఎంఎల్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము ఉండాల్సినదానికన్నా పొట్టిగా కనబడింది. 1960లో ఆ సంగతి ప్రకటించారు. దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అని ఊరి పేరే స్థిరపడింది.

మరి విరిగిన ముక్క ఎటు పోయింది? ఆ జవాబు చికాగోలో ఉండే జానెట్ రౌలీ చెప్పింది. నలుగురు మగపిల్లల తల్లి. పిల్లల్ని పెంచుకుంటూ చాలా ఏళ్ళు వారంలో కొన్ని రోజులే ఉద్యోగం చేసిన మనిషి. క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్లమీద ఒక్కొక్కటీ కత్తిరించి, జతలు కూర్చి చూసేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు నవ్వేవారట. అలా చూస్తూ చూస్తూ కనిపెట్టింది. 22వ క్రోమోజోము పొట్టిదైతే 9వది పొడుగైంది! ముక్క పోలేదు. రెండూ విరిగి, ఒకదాని కొస ఇంకొకదానికి అతుక్కుంది. 1973లో ఆవిడ ఈ మాట రాసేనాటికి, క్రోమోజోములు విరగడమే క్యాన్సర్‌కి మూలం కావచ్చంటే నమ్మినవాళ్ళు తక్కువ. నాకైతే ఈ కథ మొత్తంలో ఆ భోజనాల బల్ల దగ్గరి ఓపికే గొప్పగా అనిపిస్తుంది.

"క్రోమోజోము విరిగితే కణం ఎందుకు పిచ్చెత్తినట్టు పెరగాలి తాతయ్యా?" అంటావా? 9వ దాని మీద ఏబీఎల్ అనే జన్యువు ఉంది. 22వ దాని మీద బీసీఆర్ ఉంది. విరిగి అతుక్కున్న చోట ఈ రెండూ కలిసిపోయి, మామూలు కణాల్లో లేని ఒక కొత్త జన్యువు తయారైంది. ఏబీఎల్ చేయించే ప్రొటీన్ ఒక కైనేజు. అంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం నుంచి ఫాస్ఫేటు తీసి వేరే ప్రొటీన్లకు తగిలించి, వాటిని పనిలోకి దింపేది. మామూలుగా అది అవసరమైనప్పుడు పనిచేసి, అవసరం తీరాక ఊరుకుంటుంది. బీసీఆర్ అంటుకున్నాక ఊరుకోవడం లేదు. మిద్దెమీద ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు స్విచ్చు ఆన్‌లోనే ఇరుక్కుపోయిందనుకో. ట్యాంకు నిండినా మోటారు ఆగదు, నీళ్ళు పొంగి గోడలన్నీ తడిపేస్తాయి. ఎముక మూలుగలో జరిగేదీ అదే. ఒక్క కణంలో స్విచ్చు ఇరుక్కుంటుంది, దాని సంతతి రక్తమంతా నిండిపోతుంది.

ఒక్క కణం అన్నానే, అది మనసులో పెట్టుకో. ఈ విరుపు తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, పిల్లలకు పోయేదీ కాదు. బతుకులో ఎప్పుడో ఒకనాడు మూలుగలోని ఒకే కణంలో జరుగుతుంది. అణుబాంబు రేడియేషన్ సోకిన హిరోషిమా వాళ్ళలో ఎక్కువ కనబడిందిగానీ, చాలామంది రోగుల్లో ఇదీ కారణమని చూపించలేం. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే, మన వంశంలో దోషముందని కుమిలిపోవద్దని చెప్పాలి.

ఏటీపీ అన్నాను కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కండరాల్లో ఆ పదార్థం ఉందని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కనిపెట్టాడు. అదే కాలంలో హార్వర్డ్‌లో లోమన్‌తో సంబంధం లేకుండా, సైరస్ ఫిస్క్‌తో కలిసి దాన్ని కనిపెట్టింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏ మందూ ఆ పని చెయ్యలేదు. దానికి దగ్గరి మందు మెథోట్రెక్సేటు ఇవాళ్టికీ వాడుతున్నారు. కాకపోతే ఇవి విభజన చెందే కణాలన్నిటినీ కొడతాయి. నోటి పూతా, వాంతులూ, జుట్టు రాలడమూ అందువల్లే.

సీఎంఎల్‌లో మాత్రం గురి ఎక్కడో తెలిసిపోయింది. ఆ కైనేజులో ఏటీపీ వచ్చి కూర్చునే గుంటని మూసేస్తే చాలు. చాలామంది అది అసాధ్యమన్నారు. మన ఒంట్లో కైనేజులు 500 పైనే ఉన్నాయి, అన్నిటికీ ఏటీపీయే కావాలి. ఒకదాని గుంట మూస్తే మిగతావీ మూతపడవా? స్విట్జర్లాండ్‌లో సీబా-గైగీ కంపెనీలో నికొలస్ లిడన్, యుర్గ్ జిమ్మర్‌మన్ వాళ్ళు అణువుల్ని మార్చి మార్చి చూసి, ఏబీఎల్‌కీ ఇంకో రెండు మూడు కైనేజులకీ మాత్రమే పట్టే ఒక మందు తయారుచేశారు. పేరు ఇమాటినిబ్. అమెరికాలో ఆరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ అనే డాక్టరు దాన్ని రోగుల కణాల మీద పరీక్షించాడు. రోగులు కొద్దిమందే, మందు అమ్ముడుపోదేమోనని కంపెనీ తటపటాయిస్తే వెంటపడి ఒప్పించింది కూడా ఆయనే. 1998లో మనుషులకు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటి మందుకు లొంగని రోగుల్లో 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకి వచ్చింది. రోజూ ఇంట్లో వేసుకునే మాత్రతో! 2001 మేలో అమెరికా అనుమతి ఇచ్చింది.

క్యాన్సర్ ఊరికే కూర్చోదు. కొందరిలో ఆ గుంటలో ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి, మందు పట్టడం మానేసింది. చార్లెస్ సాయర్స్ బృందం ఆ మార్పుని పట్టుకుంది. డాసటినిబ్, నిలోటినిబ్ వచ్చాయి, వాటికీ లొంగని మార్పు కోసం పొనాటినిబ్ వచ్చింది.

మందు పుట్టగానే సరిపోతుందా? రోగి కొనుక్కోగలగాలి. సీబా-గైగీ విలీనమై ఏర్పడ్డ నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మిన ఇమాటినిబ్ మన దేశంలో నెలకు లక్షా 20 వేల రూపాయల దాకా ఉండేది. హైదరాబాద్‌లోని నాట్కో 2003లో అదే మందుని వీనాట్ పేరుతో తెచ్చింది. మన కంపెనీల మందు నెలకు 10 వేల లోపు దొరికేది. నోవార్టిస్ పెట్టిన కేసులో, మందు స్ఫటిక రూపం మార్చినంత మాత్రాన కొత్త పేటెంటు రాదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కన్నా చిన్న వయసులో వస్తుంది, సంసారం మోసేవాళ్ళకి వస్తుంది. అందుకే ఆ తీర్పుని కూడా నేను వైద్యచరిత్రలోనే రాస్తాను.

అన్ని క్యాన్సర్లకూ ఇలాంటి మాత్ర ఎందుకు లేదంటావేమో. సీఎంఎల్‌లో చెడింది ముఖ్యంగా ఒకే జన్యువు. ఊపిరితిత్తులు, పెద్దపేగు, క్లోమం లాంటి చోట్ల వచ్చేవాటిలో ఎన్నో జన్యువులు కలిసి చెడతాయి, ఒకే గడ్డలో ఈ మూలా ఆ మూలా మార్పులు వేరుగా ఉంటాయి. అక్కడ కేరాస్ అనే జన్యువు తరచూ చెడుతుంది. 1980ల మొదట్లోనే దాని సంగతి తెలిసినా, ఆ ప్రొటీన్ నున్నగా ఉండి మందు పట్టే గుంటే కనబడక, దానికి మందు సాధ్యం కాదని చాలామంది వదిలేశారు. 2021లో సొటొరాసిబ్ వచ్చింది. అదీ కేరాస్‌లో వచ్చే ఒకే ఒక్క రకం మార్పుకి. చాలామందిలో కొన్ని నెలలు పనిచేశాక, క్యాన్సర్ వేరే దారి వెతుక్కుంటోంది. ఆ రెండో దారిని కూడా ఒకేసారి మూసే మందులు కలిపి ఇచ్చి చూస్తున్నారు ఇప్పుడు.