చెక్కు చెల్లని హీరో!

న్యూయార్క్ మేడలను చకచకా ఎగబాకే వీరుడు బ్యాంకు కౌంటరు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడితే ఎలా ఉంటుంది? నవ్వొస్తుంది కదూ! నాకు మాత్రం ఆ రాత్రి నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందటి మాట. కలం పేరుతో రాసిన వ్యాసానికి ఓ పత్రికవారు ఆ కలం పేరు మీదే చెక్కు పంపారు. "ఈ పేరుగల మనిషి మీరేనని రుజువేదండీ?" అన్నాడు గుమస్తా. ఇంటద్దె గడువు దాటి అప్పటికే పది రోజులు. రాతకోతలు కట్టిపెట్టి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోదామనుకుంటూ మిత్రుడి గదికి వెళ్లాను. నా వాలకం చూసి, దిండంత పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. స్పైడర్‌మ్యాన్ తొలి కామిక్స్ సంపుటం! 1962లో వచ్చిన మొట్టమొదటి కథ, ఆపైన 38 సంచికలు... స్టాన్ లీ రచన, స్టీవ్ డిట్కో బొమ్మలు... అన్నీ ఒక్కచోట.

సినిమాలు చూసినవాణ్ణే. ఫైటింగులు తిరగేద్దామని తెరిచాను. 1963 నాటి మొదటి సంచికలోనే అయ్యగారికి ప్రదర్శన ఇచ్చినందుకు చెక్కు ఇస్తారు. అదీ స్పైడర్‌మ్యాన్ పేరు మీద! బ్యాంకులో గుర్తింపు అడుగుతారు. ముసుగు తీస్తే గుట్టు రట్టు. ఇంట్లో చూస్తే, పెంచిన మే ఆంటీ చేతిలో డబ్బుల్లేవు. అరె, ఇది నా కథే!

మరి పీటర్ పార్కర్ ఏం చేశాడు? నాలాగే పత్రికల పంచన చేరాడు. తన పోరాటాలను తానే ఫోటోలు తీసి, తనను దుమ్మెత్తిపోసే పత్రికాధిపతి జేమ్సన్‌కే అమ్ముకున్నాడు!

ఒక్కో సంచిక విడిగా చదివితే ఇవన్నీ చిల్లర కష్టాలు. వరసపెట్టి చదివితేనే తెలుస్తుంది... విలన్లు వస్తుంటారు, పోతుంటారు. డబ్బు ఇబ్బంది, ఆంటీ అనారోగ్యం మాత్రం వదలవు. 1966 నాటి 33వ సంచికలో కుప్పకూలిన యంత్రం కింద చిక్కుకుపోతాడు. పైనుంచి నీళ్లు. ఆంటీ ప్రాణం నిలిపే మందు కళ్లెదుటే ఉంది, చేతికందదు. పేజీ తర్వాత పేజీ... బరువు లేవదు... లేవదు... చివరకు పేజీ నిండా ఒకటే బొమ్మ. లేపేశాడు! పడుకుని చదువుతున్న నేనూ లేచి కూర్చున్నాను.

2017లో వచ్చిన "స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్"లో శిథిలాల కింద నలిగిన కుర్రాడు గుర్తున్నాడా? ఆ దృశ్యానికి పుట్టిల్లు ఇదే. తెరమీద అది ఒక్క రాత్రి కష్టం. పుస్తకంలో మాత్రం అంతకుముందు 32 సంచికల బరువూ అతని వీపు మీదే ఉంటుంది.

తెల్లారి ఉద్యోగం దరఖాస్తు పక్కన పడేసి, ఆ పత్రికాఫీసు మెట్లెక్కాను. మూడు వారాలు తిప్పించుకున్నా, పేరు మార్చి చెక్కు ఇచ్చారు.

అన్నట్టు, కలం పేరు మానలేదు. చెక్కు మీద మాత్రం అసలు పేరే రాయమంటున్నాను. పాపం, పీటర్‌కి ఆ వీలెక్కడిది!