పేరు తప్పితే పైసలు చేరవు

ముప్ఫై ఏండ్లు సోలాపూర్ పూర్వభాగ్‌లో టవల్ కార్ఖానాల సాంచెలు నడిపిన. చదువు నాలుగో తరగతి దాకనే. మన ఇండ్ల పిల్లలు దుబాయి, మస్కటు పోతనే ఉన్నరు గనుక నాకైన నష్టం మీకు కావద్దని రాస్తున్న.

పోయినేడు మా చిన్నోడు దుబాయిల కుట్టు కార్ఖానాల సూపర్‌వైజర్‌గా చేరిండు. పెండ్లాం పిల్లను తీసుకపోవాల్నంటే ఇంటి కిరాయి ముందే కట్టాలె. "నాయినా, లక్షన్నర సర్దుతవా? జీతంల తీరుస్త" అన్నడు. నా ఫండు పైసలల్ల మిగిలింది అంతే.

గల్లీల ఒకాయన "నగదు నా చేతిల పెట్టు, సాయంత్రానికి అక్కడ దిరమ్‌లు ముడతయి" అన్నడు. అది హవాలా. రసీదు ఉండదు, మునిగితే అడిగే దిక్కుండదు, పైగా నేరం. వద్దన్న.

బ్యాంకుకు పోయిన. పాన్ కార్డు చూసి ఏ2 ఫారం నింపిచ్చిన్రు. కొడుకు ఖాతా ఐబాన్, అక్కడి బ్యాంకు స్విఫ్ట్ కోడు అడిగిన్రు. దుబాయి ఐబాన్ 'ఏఈ'తో మొదలైతది, అక్షరాలు అంకెలు కలిపి 23. ఒక్కొక్కటి వేలు పెట్టి సరిచూసిన. తప్పు మాత్రం పేరు దగ్గర చేసిన. వాడి పేరు, ఇంటిపేరు రాసి ఊకున్న. అక్కడి ఖాతా పాస్‌పోర్టు ప్రకారం నా పేరు కూడ నడుమ కలిపి ఉన్నది.

పదకొండో రోజు పైసలు వాపసు వచ్చినయి. పోను రాను ఖర్చులు, మారకం కోత పోయినయి. ఆ లోపల ఇల్లు వేరేటోళ్ళకు పోయింది. కోడలు కట్టుకున్న పెట్టెలు విప్పింది. రెండు నెలల తర్వాతనే పోగలిగింది.

"కాకా, పాస్‌పోర్టుల ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండ రాయాలె" అన్నది బ్యాంకుల పోరి. రెండోసారి అట్లనే రాసిన, చేరినయి.

మీరు పంపే ముందు మూడు సంగతులు అడగండి: ఇయ్యాల మీ బ్యాంకు ఇచ్చే రేటెంత? నడిమి బ్యాంకు కోత ఎవరి మీద పడతది? పైసలు చేరకుంటే ఏ నంబరుతో వెతుకుతరు? రసీదు దాచుకోండి.

పోయిన పిల్లలకూ చెప్పండి. ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలె. అక్కడి సంపాదన పంపేందుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలె. దాని వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, పైకం మళ్ళా అక్కడికి తీసుకపోవచ్చు.

కొడుకు పాస్‌పోర్టు జిరాక్సు ఇప్పుడు నా పాస్‌బుక్కులనే ఉంటది.