నిండిందంటే ఎంత నిండినట్టు?

వానాకాలంలో మంజీరకు వరద మొదలైందంటే నిజామాబాద్, బోధన్ వైపు పేపరు తెరిచినవాళ్లు ముందు వెతికేది ఒక చిన్న వార్త కోసం. నిజాంసాగర్ మట్టం ఎంతకొచ్చింది? 1405 అడుగులకు చేరితే ప్రాజెక్టు నిండినట్టు. అప్పుడు అందులో ఉండేది 17.8 టీఎంసీల నీరు. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో ముగిసింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో కట్టిన ఆ తొలి రోజుల్లో జలాశయంలో దాదాపు 30 టీఎంసీలు పట్టేవి. మంజీర ఏటేటా మోసుకొచ్చిన మట్టి అడుగున పేరుకుని తక్కిన చోటును తినేసింది. ఆనాడు నిండింది, ఈనాడూ నిండుతోంది. పొలాలకు దక్కే నీళ్లే వేరు.

ల్యాప్‌టాప్ తెర మూలన కనిపించే ‘100 శాతం’ కూడా ఇలాంటి మాటే. కొన్న కొత్తలో నాలుగున్నర గంటలు నడిచిన యంత్రం మూడేళ్లకు మూడు గంటలకే చాలిస్తుంది. అయినా ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ 100 దాకా వెళ్తూనే ఉంటుంది. ఆ అంకె అబద్ధం చెప్పడం లేదు. ఈ రోజు పట్టేంత పట్టింది అని మాత్రమే చెబుతోంది. ఒకప్పుడు ఎంత పట్టేదో తెలియాలంటే ఇంకో చోట అడగాలి.

అడగాల్సిన చోటు

విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆ చోటు ముందే ఉంది. వెతుకు పెట్టెలో ‘సీఎండీ’ అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాలతో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని రాసి, ఒక ఖాళీ వదిలి, ఒక వాలుగీత పెట్టి, దాని పక్కనే ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కాలి. రిపోర్టును ఏ ఫోల్డర్‌లో దాచిందో అదే చెబుతుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవొచ్చు. విండోస్ 8 నాటి నుంచి ఈ సదుపాయం ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. లినక్స్ వాడేవారికి యూపవర్ అనే పనిముట్టు ఇవే వివరాలు ఇస్తుంది. మ్యాక్‌లో సిస్టమ్ రిపోర్ట్‌లోని పవర్ విభాగం చూడాలి.

రిపోర్టులో ముఖ్యమైనవి రెండు అంకెలు. డిజైన్ కెపాసిటీ అంటే ఫ్యాక్టరీలో తయారైన నాటి సామర్థ్యం. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండితే పట్టేది. మొదటిది 45,600, రెండోది 29,640 అని ఉందనుకోండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 65 శాతం. వందలో 35 వంతులు పూడికలో పోయాయన్నమాట. సైకిల్ కౌంట్ అనే మూడో అంకె కూడా ఉంటుంది. ఈ రోజు సగం, రేపు సగం వాడితే ఒక సైకిల్. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఈ లెక్క బయటపెట్టవు, అక్కడ చిన్న గీత మాత్రమే కనిపిస్తుంది.

ఈ అంకెలు మిల్లీవాట్-అవర్లలో ఉంటాయి. వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు. ఆ లెక్కన 45.6 వాట్-అవర్ల బ్యాటరీలో నిండా ఉండేది యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా కాదు.

టన్నులూ రికవరీ

ఫోన్ మీద 5,000 ఎంఏహెచ్ అనీ, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద 4,000 ఎంఏహెచ్ అనీ చూసి ఫోన్‌దే పెద్ద బ్యాటరీ అనుకునేవారున్నారు. బోధన్ చెరకు రైతుకు ఈ తిరకాసు ఇట్టే అర్థమవుతుంది. నిజాంసాగర్ నీళ్లు వచ్చాక ఈ నేలల్లో చెరకు పెరిగింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. 2015లో అది మూతపడినా ‘రికవరీ’ అనే మాట ఇక్కడివాళ్ల నోట ఇంకా ఉంది. వంద టన్నుల చెరకు గానుగాడితే పది టన్నుల చక్కెర వస్తే రికవరీ పది శాతం. బరువు ఒక్కటే చూస్తే చక్కెర ఎంతో తేలదు.

ఎంఏహెచ్ చెరకు బరువు లాంటిది, వోల్టేజీ రికవరీ లాంటిది. రెండూ గుణిస్తేనే శక్తి తేలుతుంది. ఫోన్‌లోని 5,000 ఎంఏహెచ్, అంటే 5 ఆంపియర్-అవర్లను 3.85 వోల్టులతో గుణిస్తే 19 వాట్-అవర్ల పైచిలుకు. ల్యాప్‌టాప్‌లో 4 ఆంపియర్-అవర్లను 11.4 వోల్టులతో గుణిస్తే 45.6. చిన్న అంకె ఉన్నదాంట్లోనే రెండింతలకు పైగా సరుకు ఉంది.

బ్యాటరీలో లష్కర్

ఈ లెక్కలన్నీ విండోస్ కట్టదు. బ్యాటరీ లోపలే ఒక చిన్న చిప్ ఉంటుంది. కాలువల మీద తూములు చూసే లష్కర్ లాంటిది అది. 1995లో ఇంటెల్, డ్యూరాసెల్ కలిసి రూపొందించిన స్మార్ట్ బ్యాటరీ ప్రమాణం ఈ పద్ధతికి దారి వేసింది. కంప్యూటర్ అడుగుతుంది, చిప్ చెబుతుంది. మనం తెరిచే సాఫ్ట్‌వేర్ ఆ జవాబును అందంగా రాసి చూపిస్తుంది, అంతే.

ఈ లష్కర్ చేతిలో రెండు ఉపాయాలున్నాయి. ఒకటి మట్టం చూడటం. లిథియం-అయాన్ సెల్ నిండినప్పుడు వోల్టేజీ 4.2 దగ్గర ఉంటుంది, ఖాళీ అయ్యేసరికి 3కు దగ్గరవుతుంది. చిక్కేమిటంటే నడుమ భాగంలో వోల్టేజీ పెద్దగా కదలదు. వెడల్పాటి చెరువులోంచి ఎంత నీరు తోడినా మట్టం ఒక అంగుళమే దిగినట్టు. అందుకే రెండో ఉపాయం. లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది అని క్షణక్షణం కూడుతూ తీస్తూ ఉండటం. ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో లెక్క ఇదే. ఇందులోనూ లోపముంది. ఊటలో, ఆవిరిలో పోయిన నీరు తూము లెక్కకు రానట్టే, వాడకున్నా బ్యాటరీలో తరిగే కాస్త శక్తి చిప్ లెక్కకు సరిగ్గా అందదు. చిన్న చిన్న తప్పులు నెలల తరబడి పోగవుతాయి.

పూడిక ఎలా చేరుతుంది

సోనీ కంపెనీ 1991లో లిథియం-అయాన్ బ్యాటరీలను తొలిసారి మార్కెట్లోకి తెచ్చింది. వీటికి పునాది వేసిన శాస్త్రవేత్తలు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి దూరతాయి, వాడేటప్పుడు తిరిగి అవతలి ఒడ్డుకు వస్తాయి. ఈ రాకపోకల్లో గ్రాఫైట్ మీద సన్నటి పొర ఒకటి ఏర్పడుతుంది. మొదట అది రక్షణ కవచమే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ మందమవుతూ కొంత లిథియంను తనలోనే బిగించేస్తుంది. అలా చిక్కుకున్న అయాన్లు ఇక పనికి రావు.

వేడి ఈ పనిని తొందరపెడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీలు నిజామాబాద్‌కు కొత్త కాదు. రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారులోనో ల్యాప్‌టాప్ వదిలితే బ్యాటరీ వయసు అక్కడే కరుగుతుంది. వేడికి తోడు రోజంతా 100 శాతం దగ్గరే నిలబెట్టడం మరింత చేటు. రోజంతా ప్లగ్ పెట్టే వాడేవారు, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉంటే దాన్ని వాడుకోవాలి.

పూడిక చోటును తినడంతో ఆగదు, తూమునూ ఇరుకు చేస్తుంది. పాతబడిన బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. 20 శాతం చూపిస్తుండగానే వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పని పెడితే వోల్టేజీ ఒక్కసారిగా కుంగి యంత్రం ఆరిపోతుంది. నీళ్లున్నాయి, కావలసినంత ధారగా రావడం లేదు.

మూడు గంటలా, గంటన్నరా?

మిగిలిన సమయం చెప్పే అంకెను అందరూ తిట్టుకుంటారు. లెక్క చిన్నదే. 30 వాట్-అవర్లు ఉండి, ల్యాప్‌టాప్ 10 వాట్లు లాగుతుంటే మూడు గంటలు. వాడకం 20 వాట్లకు చేరితే గంటన్నర. రాయడం ఆపి వీడియో పెట్టగానే అంకె సగానికి పడిపోవడం అందుకే. 2016 డిసెంబరులో ఆపిల్ తన మ్యాక్ మెనూలోంచి ఈ అంచనాను తీసేసి శాతాన్ని మాత్రమే ఉంచింది.

లష్కర్ లెక్క మరీ తప్పుతోందనిపిస్తే ఒక చికిత్స ఉంది. పూర్తిగా నింపి, ఒకటి రెండు గంటలు అలా ఉంచి, ప్లగ్ తీసి ఆగకుండా అడుగుకు దిగేదాకా వాడి, మళ్లీ నింపాలి. చిప్‌కు రెండు కొసలూ తెలుస్తాయి, తన పట్టిక సరిదిద్దుకుంటుంది. జలాశయంలో కొత్తగా పూడిక సర్వే చేయించడం లాంటిదిది. ఎప్పుడో ఒకసారి చాలు, తరచూ చేస్తే అదే అరుగుదల.

సర్వే చేస్తే మట్టి తగ్గదు. 2015 మార్చిలో సదాశివనగర్ పాత చెరువు దగ్గర మిషన్ కాకతీయ మొదలైనప్పుడు గడ్డపారలతో పూడిక తీశారు, ఆ మట్టి పొలాలకు చేరింది. బ్యాటరీకి అలాంటి గడ్డపార లేదు. సామర్థ్యాన్ని వెనక్కి తెస్తామనే యాప్‌లను నమ్మనక్కర్లేదు. టచ్‌ప్యాడ్ పైకి లేచి లోపల ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ ఆపి బ్యాటరీ మార్పించాలి, పొడిచి చూడకూడదు.

రేపు పిల్లల చదువు కోసం బస్టాండ్ దగ్గరి షాపులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ బేరమాడుతుంటే, కుర్రాడు ‘బ్యాటరీ ఫుల్ ఉంది సార్’ అంటాడు. అతను అబద్ధమాడడం లేదు. డబ్బు తీసేముందు రెండు నిమిషాలు అడిగి ఆ నల్ల కిటికీ తెరవండి. నిజాంసాగర్ నిండిందని తెలియగానే ఆయకట్టు చివర పొలమున్న రైతు ‘ఎన్ని టీఎంసీలు?’ అని అడిగి గానీ నారు పోయడు.