మీకు తెలుసా? ఎండ చాటున దాక్కునే షుగర్

● బళ్ళారిలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే అక్కడ దాహాన్ని ఎవరూ అనుమానించరు. నాలుక పిడచకట్టినా, నిసత్తువగా ఉన్నా "ఎండలట్లున్నాయి" అనేస్తారు. కొత్తగా షుగర్ మొదలైతే అది నెలల తరబడి ఈ మాట చాటునే ఉండిపోగలదు. తేడా పట్టే దారి మాత్రం ఉంది. ఎండకు ఒంట్లో నీరు చెమటగా పోతుంది కాబట్టి మూత్రం తగ్గుతుంది, ముదురు పసుపుగా వస్తుంది. షుగర్‌లో ఎంత తాగినా అంతా పోతూనే ఉంటుంది. రక్తంలో మించిన చక్కెర మూత్రంలోకి దిగేటప్పుడు నీటినీ వెంట లాక్కుపోతుంది. దాహం ఆ తర్వాత పుట్టేదే. రాత్రి చల్లబడ్డాక కూడా రెండుమూడు సార్లు లేవాల్సి వస్తోందా? అది ఎండ పని కాదు. (పెద్ద వయసు మగవాళ్లకు ప్రోస్టేట్ వల్ల కూడా కావచ్చు. ఎలాగూ డాక్టరుకు చూపించాల్సిందే.) షుగర్ దాహానికి చెరకురసం, తీపి సోడా తాగితే చక్కెర ఇంకా పెరుగుతుంది.

● మూత్రానికి చీమలు పట్టడాన్ని చరక సంహిత ప్రమేహానికి (షుగర్ లాంటి మూత్ర వ్యాధులకు పాత పేరు) ముందు కనిపించే లక్షణాల్లో చెప్పింది. గొప్ప పరిశీలనే. కానీ చీమల కోసం ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే. మామూలుగా రక్తంలో చక్కెర 180 దాటితే గానీ మూత్రంలోకి రాదు. పరగడుపున 126 ఉన్నా డాక్టర్లు షుగర్ అంటారు.

● కళ్లద్దాల నంబరు ఉన్నట్టుండి మారిందా? చక్కెర పెరిగితే కంటిలోని కటకం ఉబ్బి చూపు మసకబారుతుంది. కొత్త అద్దాలకు డబ్బు పెట్టేముందు రక్తపరీక్ష చేయించుకోవడం నయం.

● మెడ వెనక, చంకల్లో మఖమల్‌లా మందంగా నల్లబడితే మురికి అనుకుని పీచుతో రుద్దుతారు. రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు, పిల్లల్లో కూడా.

● మర్మస్థానాల్లో మళ్లీ మళ్లీ వచ్చే దురద. సిగ్గుపడి మందుల షాపులో ట్యూబు కొని సరిపెట్టుకుంటారు. చక్కెర ఎక్కువైతే బూజు జాతి క్రిములు అక్కడ తేలిగ్గా పెరుగుతాయి.

● మానని పుండ్లు, అరికాళ్లలో తిమ్మిర్లు, తింటున్నా బరువు తగ్గడం కూడా షుగర్ గుర్తులు కావచ్చు. చివరిదాన్ని జనం మెచ్చుకుంటారు కూడా! దాహంతో పాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మాత్రం అదేరోజు ఆసుపత్రికి పోవాలి.

● చాలామందిలో ఏ గుర్తూ ఉండదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అంచనా కట్టింది.

● 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ పరీక్షలు ఉచితం. దేశమంతటా ఉన్న పథకం కాబట్టి కర్ణాటక-ఆంధ్ర హద్దుకు అటు సిరుగుప్పలోనైనా, ఇటు ఆలూరు, రాయదుర్గంలోనైనా అడగవచ్చు. వేలి చుక్కలో ఎక్కువ వస్తే పరగడుపున నరం నుంచి రక్తమిచ్చి నిర్ధారించుకోవాలి.